రోడ్డు క్రింద నీరుకుక్క బాట

వికారాబాదునకు చేరువనున్న అనంతగిరి కొండలపై కురిసిన వాన రెండు దారులు పట్టును. తూర్పునకు జారిన నీరు మూసీనదియై, హైదరాబాదు నగరముగుండ ప్రవహించి, నల్లగొండ జిల్లాలో వాడపల్లికడ కృష్ణలో కలియును. పడమటికి జారిన నీరు వాగులుగా కూడి, కాగ్నానదియై, తాండూరు ప్రక్కగా సాగి, ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధానియైన మాల్ఖేడు మీదుగా పోయి, భీమానదిలో కలియును. భీమయు తుదకు కృష్ణలోనే చేరును. ఒకే కొండపై ప్రక్కప్రక్కన పడిన రెండు చినుకులు ఇంతదూరము విడివిడిగా తిరిగి, చివరకు ఒకే నదిలో కలిసికొనుచున్నవి.

ఈ ప్రయాణములో నీరు ఎన్నియో పర్యాయములు మనుష్యుని బాటలను దాటవలసియుండును. 1874లో సికిందరాబాదు నుండి వాడికి వేసిన రైలుకట్ట వికారాబాదు, తాండూరుల మీదుగా పోవుచున్నది. తరువాత కంకరరోడ్లు, తారురోడ్లు వచ్చినవి. కట్ట వాగును దాటినచోట నెల్ల, నీరు పోవుటకు క్రింద ఒక వంతెనగాని, తూముగాని ఉండవలెను. లేనిచో మొదటి వానకే కట్ట తెగిపోవును. ఇది ప్రతి ఇంజనీరునకు తెలిసిన విషయమే. కాని వాగువెంట పోవునది నీరొక్కటే కాదు. నీటిని అంటిపెట్టుకొని బ్రతుకు జంతువులును అదే దారిన పోవుచుండును. తూమును కట్టువారు నీటిని లెక్కించిరి; నీటివెంట నడచు ప్రాణిని లెక్కించిరా? ఇటీవలి దశాబ్దములలో అనేక దేశములందు శాస్త్రజ్ఞులు అడుగుచున్న ప్రశ్న ఇదే.

నీటికిని నేలకును నడుమ

పూర్తిగా నీటిలోగాని, పూర్తిగా నేలపైగాని గాక, రెండింటిని ఆశ్రయించి బ్రతుకు క్షీరదములను అర్ధజలచర క్షీరదము లనవచ్చును. అమెరికా, ఐరోపా ఖండములలోని బీవరు, దక్షిణ అమెరికాలోని కాపిబారా, ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్ ఇట్టివి. తెలుగునాట ఇట్టివానిలో రెండు ముఖ్యమైనవి. ఒకటి, కోరంగి మడ అడవులలోను, కృష్ణా ముఖద్వారమునను చేపలు పట్టి తిను బావురుపిల్లి. రెండవది నీరుకుక్క, కొన్నిచోట్ల దీనిని నీటికుక్క యనియు, నీటిపిల్లి యనియు పిలుతురు. పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల జంతుశాస్త్ర గ్రంథములలోనే 'నీరుకుక్క' యను తెలుగుపేరు చేరియున్నది. పేరునకు కుక్క యైనను, ఇది కుక్కజాతికి చెందదు. ముంగిసను పోలిన దేహముగల వేరొక కుటుంబమునకు చెందినది.

మన నదులలోని నీరుకుక్కను శాస్త్రజ్ఞులు లూట్రోగేల్ పెర్‌స్పిసిల్లాటా అందురు. పెరిగిన జంతువు ఏడు మొదలు పదకొండు కిలోగ్రాముల బరువుండును. తలనుండి తోక మొదలువరకు సుమారు 60 సెంటీమీటర్లు, తోక మరి 40 సెంటీమీటర్లు. తోక బలిసి, కొంచెము బల్లపరుపుగా నుండి, ఈదునప్పుడు తెడ్డువలె ఉపయోగపడును. కాలివ్రేళ్ల మధ్య చర్మపు పొర కలదు. చెవులు, ముక్కుపుటములు నీటిలో మూసికొనును. ఒత్తైన బొచ్చు చర్మమును తడవనీయదు. ముఖ్యాహారము చేపలు. తల్లి, తండ్రి, పిల్లలు కలసి గుంపుగా వేటాడును. బంగ్లాదేశములో కొందరు జాలరులు వీనిని మచ్చికచేసి, చేపలను వలలోనికి తోలించుటకు తరతరములుగా వాడుకొనుచుండిరి.

ఇంత చక్కగా ఈదు జంతువునకు నేలతో పనియేమి? పని చాల కలదు. నీరు దేహపు వేడిని గాలికంటె మిక్కిలి త్వరగా లాగివేయును. బొచ్చు ఆరనిదే జంతువు వెచ్చగా ఉండలేదు. అందువలన నీరుకుక్క తరచు గట్టెక్కి, ఇసుకలో దొర్లి, బొచ్చు ఆరబెట్టుకొనును. పిల్లలను ఒడ్డున బొరియలలోను, రాళ్ల సందులలోను కని పెంచును. వీటన్నిటికంటె మించినది మరియొకటి కలదు. ఒడ్డునగల రాళ్లమీద, ఎత్తైన దిన్నెలమీద ఇది మలము విడిచి తన జాడ తెలుపును. ఆ వాసనయే దాని జాతికి ఉత్తరము వంటిది. ఎవరు వచ్చిరి, ఎప్పుడు వచ్చిరి, ఈ మడుగు ఎవరిది అను సంగతులు అందువలన తెలియును. కనుక నీరుకుక్క బాట యనగా నీరు మాత్రమే కాదు. నీరును, దాని ప్రక్కనున్న ఆరిన ఒడ్డును కలిసి దాని బాట యగును.

చివరి నీరుకుక్క

ఈ ఒడ్డు తెగిపోయినచో ఏమగునో హాలెండు దేశపు చరిత్ర తెలుపుచున్నది. ఆ దేశమంతయు కాలువలు, చెరువులు. నీరుకుక్కలకు స్వర్గము కావలసిన నేల. అయినను వేట, నీటి కాలుష్యము, రోడ్లు ఒకదానితో నొకటి చేరి వాని సంఖ్యను తగ్గించివేసెను. 1988లో ఆ దేశమున మిగిలినదని తెలిసిన చివరి నీరుకుక్క రోడ్డుమీద వాహనము క్రింద పడి చచ్చెను. నీటిలో బ్రతుకు జంతువునకు తుదిగడియ రోడ్డుమీద వచ్చుట విచిత్రము. కాని అది యాదృచ్ఛికము కాదు. 2002 నుండి అక్కడివారు ఇతర దేశములనుండి నీరుకుక్కలను తెచ్చి విడిచిరి. అవి మరల వృద్ధిచెందినవి. కాని వాహనములు వానిని చంపుట మానలేదు. అందుచేత రోడ్ల క్రింద దారులు కట్టవలసివచ్చెను.

ఇంగ్లండులో కథ ఇంకొక విధముగా నడచెను. 1977–79 నడుమ జరిగిన పరిశీలనలో, చూచిన తావులలో నూటికి ఆరింట కూడ నీరుకుక్క జాడ కానరాలేదు. పొలములలో వాడిన కొన్ని క్రిమిసంహారక విషములు చేపలద్వారా వానిని చేరుటయే ఇందుకు ముఖ్యకారణము. ఆ మందులను నిషేధించిన పిదప జంతువులు మెల్లగా తిరిగివచ్చినవి. 2009–10లో జరిగిన పరిశీలనలో నూటికి 58 తావులకు మించి జాడలు కనబడెను. విషము తొలగినది, కాని రోడ్డు మిగిలినది. నేడు బ్రిటనులో దొరకు నీరుకుక్క కళేబరములలో అధికభాగము వాహనములచే చచ్చినవే. 1971 నుండి 1996 వరకు రోడ్లపై చచ్చిన ఆరువందలకు పైగా నీరుకుక్కల వివరములను పరిశీలించినప్పుడు రెండు సంగతులు తేలినవి: ఎక్కువ మరణములు నీటికి సమీపముననే జరిగినవి, వానలు, నదీప్రవాహము ఎక్కువైన కాలములో మరణములును ఎక్కువైనవి.

ఈ రెండవ సంగతి మొదట వింతగా తోచును. నీరు ఎక్కువైనప్పుడు నీటిజంతువు హాయిగా ఈదుకొని పోవలెను గదా! రోడ్డు ఎందుకెక్కవలెను? సమాధానము తూములో ఉన్నది.

తూములో జరుగునదేమి?

ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. ఒక వాగు వర్షకాలమున 10 మీటర్ల వెడల్పున, ఒక మీటరు లోతున, సెకనుకు 0.6 మీటరు వేగమున పారుచున్న దనుకొందము. దాని అడ్డుకోత వైశాల్యము 10 చదరపు మీటర్లు. కనుక సెకనుకు 10 × 0.6 = 6 ఘనమీటర్ల నీరు వచ్చుచున్నది. ఈ నీరంతయు 2 మీటర్ల వెడల్పు, ఒక మీటరు ఎత్తుగల తూములో దూరి పోవలెను. తూము వైశాల్యము 2 చదరపు మీటర్లు. వచ్చిన నీరంతయు పోవలెననిన వేగము 6 ÷ 2 = 3, అనగా సెకనుకు 3 మీటర్లు కావలెను. వాగులోకంటె ఇది ఐదురెట్లు. గంటకు సుమారు 11 కిలోమీటర్లు.

ఈ అదనపు వేగము ఊరక రాదు. నీటిని అంత వేగముగా తోయుటకు ఎగువన నీటిమట్టము పెరుగవలెను. భౌతికశాస్త్ర విద్యార్థులు ఎరిగిన సూత్రము ప్రకారము, వేగపు వర్గమును భూమ్యాకర్షణ త్వరణపు రెట్టింపుతో భాగించినచో కావలసిన ఎత్తు వచ్చును: 9 ÷ 19.6, అనగా 0.46 మీటరు. వాగునకు ముందే ఉన్న స్వల్పవేగమును, తూము గోడల రాపిడిని లెక్కలో చేర్చకున్నను, తూమునకు ఎగువన నీరు సుమారు మూరెడు పెరుగునని తెలియుచున్నది. అప్పుడు తూము పైకప్పువరకు నీటితో నిండును. లోపల గాలి ఉండదు. నిలుచుటకు ఒడ్డు ఉండదు. ఇరుప్రక్కల సిమెంటు గోడలు. అవతలి వెలుగు కనబడదు.

ఇప్పుడు నీరుకుక్క స్థానమున నిలిచి చూడవలెను. అది ఎదురు ఈదవలెననిన గొప్ప వేగముతో పోరాడవలెను. ప్రవాహముతో పోవలెననిన, ఊపిరి బిగబట్టి, ఎక్కడ తేలునో తెలియని చీకటిలో దుముకవలెను. నిన్నటివరకు తన వాసన ఉంచిన రాయి నీట మునిగిపోయినది. కాని కట్ట ప్రక్కనే గడ్డి మొలచిన వాలు ఉన్నది. పైకెక్కిన అటువైపు వాగు కనబడుచున్నది. అది కట్టయెక్కును. తెలివైన జంతువు చేయదగిన పనియే చేసినది. రాత్రి చీకటిలో, వానలో, పొట్టికాళ్లతో రోడ్డు దాటుచున్న ఆ నల్లని ఆకారము వాహనము నడపువానికి కనబడదు. ప్రమాదమునకు కారణము జంతువు మూర్ఖత్వము కాదు, తూము ఇరుకుతనము.

గొట్టపు తూములలో మరియొక చిక్కు కలదు. గొట్టము నుండి దూకు నీరు క్రిందిభాగమున నేలను త్రవ్వివేయును. కొన్ని సంవత్సరములకు గొట్టపు మూతి గాలిలో వ్రేలాడును. చేప దానిని ఎక్కలేదు. చిన్న జంతువు అందుకొనలేదు. రోడ్డు వెడల్పుచేసినప్పుడు గొట్టమునకు మరికొంత గొట్టము అతికించుట సాధారణము. అందువలన సొరంగము పొడుగై, చీకటి హెచ్చును.

అరుగు అను ఉపాయము

వ్యాధి తెలిసిన పిమ్మట మందు కష్టము కాలేదు. తెలుగువారి ఇండ్లముందు ఉండు అరుగు వంటిదే ఆ మందు. వంతెన గోడకు ఆనించి, లోపల ఈ చివరనుండి ఆ చివరవరకు ఒక అరుగు కట్టుదురు. వరదనీటి మట్టమునకు కనీసము 15 సెంటీమీటర్లు పైగాను, అరుగుకును పైకప్పునకును మధ్య 60 సెంటీమీటర్లు ఖాళీ ఉండునట్లును కట్టవలెనని 1999 నాటి బ్రిటిషు రోడ్ల నిర్మాణ సూచనలు చెప్పినవి. వెడల్పు అరమీటరు చాలును. అరుగు రెండు చివరలు ఒడ్డుతో కలియవలెను. లేనిచో గుమ్మములేని ఇంటికి మేడమెట్లు కట్టినట్లుండును.

అరుగు కట్టుటకు తావులేని పాత తూముల ప్రక్కన, వరదకు అందని ఎత్తున, వేరుగా ఒక పొడి గొట్టమును కట్టలో వేయుదురు. ఇరవైమీటర్ల పొడవువరకు 60 సెంటీమీటర్ల వ్యాసముగల గొట్టము చాలును. అంతకు మించినచో 90 సెంటీమీటర్లు ఉండవలెను. ఈ రెండింటికిని తోడుగా రోడ్డువెంట ఇరుప్రక్కల కొంతదూరము కంచె వేయుదురు. కంచె పని జంతువును ఆపుట మాత్రమే కాదు, దానిని దారి మూతివరకు నడిపించుట. దారిలేక కంచె మాత్రము వేసినచో జంతువు తన నదినుండి వేరుపడిపోవును. కంచెలేక దారి మాత్రము వేసినచో, అలవాటు పడువరకు కొన్ని జంతువులు కట్టనే ఎక్కును. రెండును కలిసి ఉండవలెను.

జంతువులు ఈ దారులను వాడుచున్నవని ఎట్లు తెలియును? నీరుకుక్కయే సాక్ష్యము వదలిపెట్టును. అరుగుమీద చేపపొలుసులు, ఎముకలు నిండిన మలము దొరికినచో అది అక్కడ నిలిచినదన్నమాట. ఇసుకగాని, మెత్తని మట్టిగాని పరచి అడుగుజాడలు చూచుట మరియొక పద్ధతి. దేహపు వేడిని, కదలికను పసిగట్టి తమంతట తామే ఫొటో తీయు కెమేరాలు నేడు ఈ పనిని సులభము చేసినవి.

బీవరు చేయు చిత్రము

అన్ని అర్ధజలచరములు తూమును ఒకే విధముగా చూడవు. బీవరు వాగులకు కొమ్మలతో, బురదతో ఆనకట్టలు కట్టు జంతువు. దాని కంటికి రోడ్డు ఒక పొడవైన ఆనకట్ట. తూము అందులో పడిన గండి. గండి కనబడిన దానిని పూడ్చుట బీవరు స్వభావము. పారునీటి చప్పుడే దానిని ఈ పనికి పురికొల్పునని స్వీడను దేశీయుడైన లార్స్ విల్సన్ చేసిన ప్రయోగములు తెలిపెను. ఆ ధ్వనిని యంత్రముద్వారా వినిపించినచో, నీరు పోని చోట కూడ బీవర్లు కొమ్మలు పేర్చినవి. అందుచేత అమెరికాలో కొన్ని తూములముందు నీటి చప్పుడును తగ్గించునట్టి, వెడల్పైన కంచెలు అమర్చుదురు. జంతువు స్వభావము నెరుగక కట్టిన కట్టడము నిలువదనుటకు ఇది మంచి ఉదాహరణము.

మన సమీపమున

సింగపూరు నగరములో ఉన్నది మన నీరుకుక్క జాతియే. అచ్చట కానరాకుండ పోయిన ఈ జంతువు, 1998లో సుంగై బులో అను చిత్తడినేలలో తిరిగి కనబడెను. నీరు శుభ్రపడినకొలది నగరము నడిమికి వచ్చినది. వాననీటి కాలువలు, రోడ్ల క్రిందిదారులు దానికి వీథులైనవి. నీరు తక్కువగా ఉండి, ప్రక్కన నడచుటకు చోటున్న కాలువలో ఈ జాతి నిర్భయముగా రోడ్డు క్రిందుగా పోవునని దీనివలన తెలియుచున్నది. చోటులేని తావులలో అచ్చటను రోడ్లమీద మరణములు జరుగుచునే యున్నవి.

మనదేశమున పెద్ద జంతువులకై కట్టిన క్రిందిదారులకు పేరొందినది పెంచ్ పులుల వనము. హైదరాబాదు, నిర్మల్, ఆదిలాబాదుల మీదుగా ఉత్తరమునకు పోవు 44వ జాతీయ రహదారియే నాగపూరు దాటిన పిదప ఆ వనముగుండ సాగును. అచ్చట మహారాష్ట్ర భాగములో తొమ్మిది కట్టడములు కట్టిరి. వానిలో నాలుగు చిన్న వంతెనలు. 2019 మార్చి నుండి డిసెంబరు వరకు భారత వన్యప్రాణి సంస్థ కెమేరాలతో పరిశీలింపగా, 18 జాతుల వన్యజంతువులు వానిక్రింద నడచినట్లు తేలెను. పులులు 89 పర్యాయములు దాటినవి. తగినంత చోటు ఇచ్చినచో జంతువు దారిని తానే కనుగొనునని ఋజువైనది.

కృష్ణ పరీవాహమున నీరుకుక్కకు గుర్తింపు లేకపోలేదు. 2015లో కర్ణాటక ప్రభుత్వము కొప్పళ, బళ్లారి జిల్లాలలో, ముద్లాపురము నుండి కంప్లివరకు, తుంగభద్ర పొడవున 34 కిలోమీటర్లు నీరుకుక్కల సంరక్షణ క్షేత్రముగా ప్రకటించెను. దేశములో ఈ జంతువుకొరకు ఏర్పడిన మొదటి క్షేత్రమది. 2019లో ఈ జాతిని అంతర్జాతీయ వ్యాపారము పూర్తిగా నిషేధింపబడిన ప్రాణుల పట్టికలో చేర్చిరి. కాని నదిని రక్షించిన చాలదు. నదికి ఉపనదులు, ఉపనదికి వాగులు కలవు. పెరిగిన పిల్లలు తల్లిని విడిచి క్రొత్త మడుగులు వెదకుకొని పోవునది ఆ దారులవెంటనే. తుంగభద్ర వలెనే కాగ్నా నీరును కృష్ణకే చేరుచున్నది. చెట్టునకు కొమ్మలెట్టివో నదికి వాగులట్టివి. కొమ్మ కొమ్మకును ఒక గంటు పెట్టినచో చెట్టు ఏమగును?

తాండూరు బడిపిల్లలు చేయదగిన పని

కాగ్నాయు దానిలో చేరు వాగులును వానకాలమున పొంగి, వేసవిలో మడుగులుగా మిగులును. అందువలన ఈ ప్రాంతపు తూములు సంవత్సరములో చాలకాలము పొడిగనే ఉండును. పొడి తూమును ముంగిస, నక్క, అడవిపిల్లి వంటి జంతువులును దారిగా వాడుకొనును. పరీక్షాకాలము వరద రోజులే. మహబూబునగరము నుండి కొడంగలు, తాండూరుల మీదుగా చించోళికి పోవు బాట జాతీయ రహదారి యైనది. రోడ్డు వెడల్పగునప్పుడే తూములు మారును. మారునప్పుడే అరుగు వేయుట సులభము, చవుక. కట్టిన తరువాత పగులగొట్టి వేయుట రెండింతల పని.

అరుగునకు కావలసిన సామగ్రికి తాండూరువారు దూరము పోనక్కరలేదు. దేశమంతట ఇండ్ల నేలలకు పరచు నాపరాతి బండలు ఈ నేలలోనే దొరకుచున్నవి. పొరలు పొరలుగా, బల్లపరుపుగా లభించు ఈ సున్నపురాయి, తూము గోడలో గట్టిగా కట్టినచో, అరమీటరు వెడల్పు అరుగునకు చక్కగా సరిపోవును.

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక చిన్న పరిశీలన చేయింపవచ్చును. బడికి సమీపమున ఉన్న ఒక తూమును ఎన్నుకొని, వేసవిలో, నీరులేనప్పుడు, వెడల్పు, ఎత్తు, పొడవు కొలిచి వ్రాసికొనవలెను. గోడమీద గత సంవత్సరపు వరద విడిచిన మరకను చూచి, అది నేలకు ఎంత ఎత్తున ఉన్నదో గుర్తింపవలెను. మరకకును పైకప్పునకును నడుమ 75 సెంటీమీటర్లు, అనగా 15, 60 కలిపినంత, ఉన్నచో అరుగునకు తావున్నట్లే. లేనిచో ప్రక్కన పొడి గొట్టము కావలెను. తూము మూతికడ గంపెడు ఇసుక పలుచగా పరచి, మరునాటి ఉదయము అడుగుజాడలు చూడవలెను. వానకాలమున మాత్రము తూములో దిగరాదు. దూరముగా గట్టుపైననే నిలిచి, ఒక ఎండుటాకు పది మీటర్లు పోవుటకు ఎన్ని సెకనులు పట్టునో లెక్కించినచో ప్రవాహవేగము తెలియును. ఇట్లు నాలుగైదు సంవత్సరములు వ్రాసిన పుస్తకము, రోడ్డు వేయువారు ఆ ఊరికి వచ్చిననాడు వారికి చూపదగిన పుస్తకమగును.

నీటికి దారి ఇయ్యని కట్ట తెగును. తెగిన కట్ట అందరికిని కనబడును కనుక ఆ తప్పు వెంటనే దిద్దబడును. ప్రాణికి దారి ఇయ్యని కట్ట తెగదు. దానిమీద చచ్చిన జంతువును తెల్లవారునప్పటికి కాకులు ఎత్తుకొనిపోవును. అందువలన ఈ తప్పును కనుగొనుటకు వరద చాలదు. కొలతబద్దతో తూముకడకు పోయి చూచు మనుష్యులు కావలెను.